బైపాస్ తర్వాత గుండె కండరం కోలుకోవాలంటే: మొదటి ఆరు నెలలు ఇంట్లో ఏం చేయాలి

మా బాపుకు బైపాస్ చేసేముందు ఈఎఫ్ (గుండె పంపింగ్ శాతం) 32. డిశ్చార్జ్‌కు ముందు తీసిన ఎకోలో (గుండె స్కాన్‌లో) 30 వచ్చింది. ఛాతీ కోయించుకుని, ఊపిరి పీల్చాలన్నా నొప్పితో మూలుగుతున్న మనిషికి నంబర్ పెరగాల్సింది పోయి తగ్గిందేంటని ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు. నాలుగు నెలలకు అదే గుండె 44 చూపించింది. ఈ మధ్యలో మేం నేర్చుకున్నదంతా, చేసిన తప్పులతో సహా, వరుసగా రాస్తున్నాను. మాది పరకాల దగ్గర పల్లె. హన్మకొండలోనో హైదరాబాద్‌లోనో ఆపరేషన్ చేయించుకుని ఇలాంటి ఊళ్ళకు తిరిగొచ్చేవాళ్ళ చేతిలో ఒక ఫైల్, ఒక మందుల చీటీ ఉంటాయి, ఇంట్లో రోజూ ఏం చేయాలో మాత్రం అందులో రెండు లైన్లకు మించి ఉండదు.

మందుల మోతాదు విషయంలో మీ కార్డియాలజిస్ట్ మాటే చివరిది. నేను రాసేది ఆయన్ని ఏం అడగాలో, ఇంట్లో ఏం గమనించాలో తెలియడానికి.

మొదటి అడుగు: ఏ కండరం నిద్రపోయింది, ఏది మచ్చ అయింది అని అడగండి

బైపాస్ అంటే రక్తానికి కొత్త దారి వేయడం. కండరం బాగుపడటం ఆ తర్వాత మొదలయ్యే పని. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు, నీళ్ళు ఆలస్యంగా వచ్చినప్పుడు వాడిన మడి తేరుకుంటుంది, మొదలంటా ఎండిన మడి తేరుకోదు.

గుండెలోనూ దెబ్బ మూడు రకాలుగా ఉంటుంది. కొంత భాగం, రక్తం కాసేపు ఆగి మళ్ళీ వచ్చినా, మొద్దుబారిపోయి ఉంటుంది. దీన్ని స్టన్నింగ్ అంటారు, 1982లో బ్రాన్‌వాల్డ్, క్లోనర్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని వివరించారు. ఆపరేషన్‌లో గుండెను ఆపి కుట్లు వేసినప్పుడు కూడా కొంత ఇలా అవుతుంది, రోజుల్లోనో కొన్ని వారాల్లోనో తగ్గిపోతుంది. డిశ్చార్జ్ రోజు బాపు ఈఎఫ్ పెరగకపోవడానికి ఒక కారణం ఇదేనని మాకు తర్వాత తెలిసింది. రెండోది, నెలల తరబడి రక్తం చాలక, ప్రాణం నిలుపుకోవడానికి పని తగ్గించుకుని పడుకున్న కండరం. రిపోర్టులో హైబర్నేటింగ్ మయోకార్డియం అని రాస్తారు. బైపాస్ వల్ల పంపింగ్ పెరిగేది ముఖ్యంగా దీనివల్లే. అయితే ఇన్నాళ్ళూ పస్తున్న కణం లోపల, ముడుచుకునే పోగులే కరిగిపోయి ఉంటాయి, అవి మళ్ళీ అల్లుకోవడానికి వారాలు, నెలలు, కొందరికి ఏడాది దాకా పడుతుంది. మూడోది హార్ట్ ఎటాక్‌లో చచ్చి మచ్చ కట్టిన భాగం. ఎన్ని గ్రాఫ్టులు (బైపాస్‌లో అతికించే కొత్త రక్తనాళాలు) వేసినా అది తిరిగి కొట్టుకోదు.

మీవాళ్ళకు ఏది ఎంత ఉందో తెలుసుకునే పరీక్షలున్నాయి: డోబుటమైన్ స్ట్రెస్ ఎకో, థాలియం స్కాన్, పెట్ స్కాన్, గుండె ఎమ్మారై. అందరికీ చేయరు, అందరికీ అవసరం కూడా లేదు. చేసి ఉంటే ఆ రిపోర్ట్ ఫైల్‌లో పైన పెట్టుకోండి. చేయకపోతే సర్జన్‌ను ఒక్కటే అడగండి: "పాత ఎటాక్ మచ్చ ఎంత ఉంది సార్, కోలుకునే కండరం ఎంత ఉంది?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే మీ ఆశ ఎంత ఉండాలో తెలుస్తుంది.

నంబర్ పెరగకపోతే ఆపరేషన్ వృథా అయిందని మాత్రం అనుకోకండి. ఈఎఫ్ 35, అంతకన్నా తక్కువ ఉన్న 1212 మందితో స్టిచ్ అనే పెద్ద అధ్యయనం చేశారు. పదేళ్ళ తర్వాత చూస్తే మందులు మాత్రమే వాడినవాళ్ళలో 66 శాతం, మందులతోపాటు బైపాస్ కూడా చేయించుకున్నవాళ్ళలో 59 శాతం చనిపోయారు. ఆ లాభం ఈఎఫ్ పెరిగినవాళ్ళకే పరిమితం కాలేదు. కొత్త రక్తనాళం మళ్ళీ ఎటాక్ రాకుండా కూడా కాపాడుతుంది కదా.

రెండో అడుగు: ఎకో రిపోర్ట్ చదవడం నేర్చుకోండి

మా మేనత్త "ముప్పైయే అంటే గుండె ముప్పావు వంతు పోయినట్టే గద బిడ్డా" అని ఏడ్చింది. చాలామంది ఇలాగే ఈఎఫ్‌ను వందకు వచ్చిన మార్కులనుకుంటారు. ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని తోసే గుండె గది) నిండినప్పుడు ఉన్న రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత శాతం బయటికి తోస్తుందో అదే ఈఎఫ్. 120 మిల్లీలీటర్లు నిండి 40 బయటికి పోతే 33 శాతం. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా 55 నుంచి 70 దాకానే తోస్తుంది, వంద ఎవరికీ ఉండదు. 40, అంతకన్నా తక్కువ ఉంటే పంపింగ్ బాగా తగ్గినట్టు, 41 నుంచి 49 వరకు కొంచెం తగ్గినట్టు.

ఎకోలో కొలత చేతిని బట్టి, మిషన్‌ను బట్టి అయిదారు పాయింట్లు అటూ ఇటూ అవుతుంది. అందుకే 32 నుంచి 30కి వచ్చిందంటే ఏమీ మారలేదనే అర్థం, మేం అనవసరంగా ఒక రాత్రంతా ఏడ్చాం. వీలైతే ప్రతిసారీ ఒకే చోట తీయించండి. ఇంకోటి, ఛాతీ తెరిచి చేసిన ఆపరేషన్ తర్వాత రెండు జఠరికల మధ్య గోడ కొన్నాళ్ళు తేడాగా కదులుతుంది, రిపోర్టులో సెప్టల్ మోషన్ అబ్నార్మల్ అని రాస్తారు. అది కొత్త దెబ్బ కాకపోవచ్చు, డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి, గూగుల్‌ను కాదు.

ఈఎఫ్ పక్కనే ఎడమ జఠరిక సైజు కూడా ఉంటుంది. ఉబ్బిన గది నెలలు గడిచేకొద్దీ చిన్నదవుతుంటే, ఈఎఫ్ పెద్దగా కదలకపోయినా అది మంచి గుర్తు. అసలు తీర్పు చెప్పే ఎకో మూడు నెలలప్పటిది. దానికన్నా ముందు వచ్చిన నంబర్ చూసి సంబరపడొద్దు, కుంగిపోవద్దు.

మూడో అడుగు: మొదటి ఎనిమిది వారాలు ఛాతీ ఎముకను కాపాడండి

ఎముక అతకకపోతే నడక సాగదు, నడక సాగకపోతే గుండె కోలుకోదు. ఛాతీ ఎముక గట్టిపడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తి బలం రావడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా రెండు మూడు కిలోలు దాటిన బరువు ఎత్తొద్దు, నిండు బిందె గానీ మనవడు గానీ. మంచం మీద నుంచి లేచేటప్పుడు చేతుల మీద బరువు వేయకుండా పక్కకు తిరిగి కాళ్ళు కిందికి వదిలి లేవాలి. దగ్గు వచ్చినప్పుడు దిండును ఛాతీకి అదుముకోవాలి. ఆస్పత్రిలో ఇచ్చిన మూడు బంతుల స్పైరోమీటర్ (ఊపిరి కసరత్తు పరికరం) ఇంటికొచ్చాక అటక ఎక్కుతుంది చాలా ఇళ్ళలో. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు ఊదుతూ కాదు, లోపలికి పీలుస్తూ చేయాలి. మేం మొదటి మూడు రోజులు బాపుతో ఊదించాం, ఎవరూ చూపించలేదు మరి.

బండి నడపడం, బండి వెనక కూర్చోవడం రెండూ వద్దు. చెకప్‌కు ఆటోలో కన్నా కారులో వెనక సీట్లో, ఛాతీకి దిండు పెట్టుకుని వెళ్ళడం మంచిది. రైతులకు మరో మాట: పత్తికి మందు కొట్టే ట్యాంకు నిండితే వీపు మీద 16 కిలోలు ఉంటుంది, మూడు నెలలు దాటి డాక్టర్ సరే అనేదాకా దాని జోలికి పోవద్దు. రాత్రిపూట కరెంటొచ్చిందని చీకట్లో మోటార్ దగ్గరికి ఒక్కరే పోవడం కూడా మానాలి.

గ్రాఫ్టు కోసం కాలి నుంచి నరం (రక్తనాళం) తీసి ఉంటే ఆ కాలు కొన్ని వారాలు వాస్తుంది. కూర్చున్నప్పుడు ఎత్తు మీద పెట్టండి. ఒక్క కాలే వాస్తే చాలావరకు దానివల్లే. రెండు కాళ్ళూ వాస్తే మాత్రం గుండె సంగతి చూడాలి.

నాలుగో అడుగు: గోలీలు కండరాన్ని బాగుచేస్తాయి, అందుకే ఆపొద్దు

మేం ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. బాపు రెండో నెలలో "మంచిగనే ఉన్న గద, ఇన్ని గోలీలెందుకు" అని రెండు ఆపేశాడు, మాకు చెప్పలేదు. పది రోజులకు ఆయాసం మొదలైంది.

పంపింగ్ తగ్గిన గుండెకు నాలుగు రకాల మందులు మూలస్తంభాల్లాంటివి. మెటోప్రొలాల్ సక్సినేట్, కార్వెడిలాల్, బైసోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు ఒకటి. రామిప్రిల్ జాతి మందులు గానీ, వాటి బదులు సాకుబిట్రిల్-వల్సార్టాన్ గానీ రెండోది. స్పైరోనొలాక్టోన్ లేదా ఎప్లెరెనోన్ మూడోది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ నాలుగోది, ఇవి షుగర్ మందులుగా వచ్చినా షుగర్ లేనివాళ్ళ గుండెకు కూడా ఇస్తారు. వీటితోపాటు ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఉంటాయి, అవి గ్రాఫ్టులు మూసుకుపోకుండా చూస్తాయి. మీ చీటీలో నాలుగింట్లో ఏదైనా లేకపోతే ఎందుకు లేదో అడగండి. బీపీ, కిడ్నీ, పొటాషియం కారణంగా డాక్టర్ కావాలనే ఆపి ఉండొచ్చు, లేదా తర్వాత మొదలుపెడదామని మర్చిపోయి ఉండొచ్చు.

ఈ మందుల్లో చాలావరకు చిన్న మోతాదుతో మొదలై వారం రెండు వారాలకోసారి పెరగాలి. పల్లెల్లో జరిగేదేమిటంటే, డిశ్చార్జ్ చీటీనే మెడికల్ షాప్‌లో చూపిస్తూ ఏడాదంతా అదే చిన్న మోతాదు వాడుతుంటారు. రివ్యూకు వెళ్ళడమంటే ఒక రోజు కూలి, బస్ చార్జీ, నాకు తెలుసు. అయినా మొదటి మూడు నెలల రివ్యూలు వదలొద్దు, కండరం బాగుపడే కాలమే అది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయితే ఫాలోఅప్ ఏం వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను డిశ్చార్జ్ రోజే అడిగి రాయించుకోండి.

కొన్ని జాగ్రత్తలు. రామిప్రిల్ లాంటి గోలీ నుంచి సాకుబిట్రిల్ గోలీకి మార్చినప్పుడు మధ్యలో 36 గంటలు ఎడం ఉండాలి, లేకపోతే ముఖం, గొంతు వాచే ప్రమాదం ఉంది. కాబట్టి ఇంట్లో మిగిలిన పాత స్ట్రిప్పులు తీసేయండి. మోతాదు మార్చిన వారం రెండు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్ష చేయించాలి. పరామర్శకు వచ్చే ప్రతి చుట్టం కొబ్బరిబోండాలు తెస్తారు, స్పైరోనొలాక్టోన్ వాడేవాళ్ళు రోజూ వాటిని తాగితే పొటాషియం పెరగొచ్చు, డాక్టర్‌ను అడిగాకే తాగాలి. బీపీ పై అంకె 100 ఉండి, కళ్ళు తిరగకపోతే కంగారు పడనక్కర్లేదు, మందులు పని చేస్తున్నప్పుడు అలా ఉంటుంది. కళ్ళు తిరిగితే గోలీ మీరే ఆపకుండా ఫోన్ చేయండి. బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపడం మరీ ప్రమాదం. వాంతులు విరేచనాలు పట్టుకుని ఏమీ తినలేని రోజున మాత్రం డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి, నీటి గోలీలు (ఒంట్లో నీటిని మూత్రంగా పంపేవి) కొనసాగించాలా అని వెంటనే అడగాలి.

అయిదో అడుగు: పొద్దున్నే బరువు, వంటింట్లో ఉప్పు, ఊళ్ళో సెలైన్

బరువు తూచే మిషన్ కొనండి. లేవగానే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు తూచి గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో రాయండి. ఒక రోజులో కిలో దాటి, లేదా మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరు. ఆయాసం కనిపించడానికి ముందే మిషన్ చెబుతుంది. బాపు గోలీలు ఆపిన సంగతి మాకు తెలిసింది క్యాలెండర్ చూశాకే.

ఉప్పు రోజంతా కలిపి అయిదు గ్రాములు, అంటే చిన్న చెంచాడు, దాటకూడదు. కూరలో ఉప్పు తగ్గించడం తేలికే, తొక్కు దగ్గరే కష్టం. మామిడికాయ తొక్కు, ఉప్పు చేపలు, అప్పడాలు, బేకరీ మిక్చర్ ఇవన్నీ పక్కన పెట్టాల్సిందే. పచ్చి పులుసులో ఉల్లి, కొత్తిమీర, కాల్చిన మిర్చి ఎక్కువేసి ఉప్పు సగం చేస్తే మా ఇంట్లో పదిరోజులకు నాలుక అలవాటుపడింది. తక్కువ సోడియం ఉప్పు కొనేముందు అడగండి, అందులో పొటాషియం ఉంటుంది.

నీళ్ళు ఎన్ని తాగాలో డాక్టర్ లెక్క చెబితే ఒక సీసాలో పోసి పెట్టుకోండి. కానీ మే నెలలో మన దగ్గర 44 డిగ్రీల ఎండలో చెమట పోతున్నప్పుడు, నీటి గోలీ అదే మోతాదులో వాడితే ఒళ్ళు ఎండిపోయి పడిపోతారు. ఎండాకాలం మొదట్లోనే ఈ లెక్క మళ్ళీ అడగాలి.

ఇక నేను మరీ మరీ చెప్పాలనుకున్నది. మనిషి నీరసంగా ఉంటే ఆర్‌ఎంపీని పిలిచి సెలైన్ ఎక్కించడం మన ఊళ్ళలో మామూలు. ఈఎఫ్ తక్కువున్న గుండె ఆ నీళ్ళను తోయలేదు, అవి ఊపిరితిత్తుల్లోకి చేరి అర్ధరాత్రికి ఊపిరాడకుండా చేస్తాయి. ఒళ్ళునొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, బ్రూఫెన్ గోలీ కూడా నీరు పట్టేలా చేసి కిడ్నీని దెబ్బతీస్తాయి. నొప్పికి పారాసిటమాల్ చాలు. మీ ఆర్‌ఎంపీకి ముందే వెళ్ళి చెప్పండి, "అన్నా, బాపుకు ఈఎఫ్ తక్కువ, సెలైన్ ఎక్కియ్యొద్దు, నొప్పి సూది ఎయ్యొద్దు." మేం చెప్పాక ఆయన తన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

ఆరో అడుగు: నడక

ఇంటికొచ్చిన మర్నాటి నుంచే. మొదట అయిదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు, ఇంట్లోనో వాకిట్లోనో. తర్వాత రోజుకో నిమిషం రెండు నిమిషాలు పెంచుకుంటూ పోతే ఆరో వారానికి ఒకేసారి అరగంట నడవగలగాలి. ఎంత వేగంగా అంటే, నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట పాడేంత తీరిక మాత్రం ఉండకూడదు. మాట మధ్యలో ఆగితే వేగం తగ్గించాలి. ఛాతీలో బిగుతు, కళ్ళు తిరగడం, గుండె దడ వస్తే ఆపేయాలి.

తిన్నాక గంటన్నర ఆగండి. హన్మకొండలో ఉండేవాళ్ళకు భద్రకాళి చెరువు కట్ట ఉంది, చదునుగా ఉంటుంది, తోడు మనుషులుంటారు. ఊళ్ళో అయితే స్కూల్ గ్రౌండ్. ఎండాకాలం పొద్దున ఏడు దాటితే బయట నడవొద్దు. మర్నాడు విపరీతంగా అలసట ఉంటే ముందురోజు ఎక్కువ నడిచినట్టే, రెండు రోజులు వెనక్కి తగ్గి మళ్ళీ మొదలుపెట్టండి. ఆస్పత్రిలో కార్డియాక్ రిహాబ్ (గుండె రోగులకు దగ్గరుండి చేయించే వ్యాయామం) ఉంటే తప్పక చేరండి, మానిటర్ పెట్టి చేయిస్తారు కాబట్టి ధైర్యం వస్తుంది. రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే భార్యాభర్తలు కలవడానికి కూడా సాధారణంగా అడ్డులేదు, ఎవరూ నోరు తెరిచి అడగరు కాబట్టి రాస్తున్నాను.

ఏడో అడుగు: తిండి, బీడి, మనసు

"పప్పు తింటే చీము పడుతుంది" అని పెద్దవాళ్ళు అంటారు, అది నిజం కాదు. కోసిన చోట అతకాలంటే పప్పు, గుడ్డు, పెరుగు, చేప కావాలి. షుగర్ అదుపులో లేకపోతే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. బీడి, సిగరెట్, గుట్కా పూర్తిగా బంద్, ఒక్కటి కూడా వద్దు. కల్లు సంగతి అడిగినప్పుడు మా డాక్టర్ బలహీనమైన కండరానికి తాగుడు విషమేనన్నాడు. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 కన్నా కిందికి, వీలైతే 55 కన్నా కిందికి తేవాలి. ఏడాదికోసారి ఫ్లూ టీకా అడగండి.

మూడో వారంలో బాపు ఊరికే కన్నీళ్ళు పెట్టుకునేవాడు. బైపాస్ తర్వాత దిగులు, నిద్రలేమి, చిరాకు చాలామందికి వస్తాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది కూడా డాక్టర్‌కు చెప్పాల్సిన జబ్బే, ఎందుకంటే దిగులులో ఉన్న మనిషి నడవడు, గోలీలు వేసుకోడు.

ఎనిమిదో అడుగు: మూడు నెలల ఎకో చేతికొచ్చాక

పెరిగితే మందులు అలాగే కొనసాగాలి. పెరిగింది ఆ మందులతోనే, తీసేస్తే మళ్ళీ జారిపోయే అవకాశం ఎక్కువ. పెరగకపోతే వరుసగా అడగండి: మందుల మోతాదు పూర్తిగా పెంచామా, గ్రాఫ్ట్ ఏదైనా మూసుకుందా, గుండె లయ తప్పిందా, వాల్వ్ లీక్ ఉందా, మచ్చే ఎక్కువుందా. మందులు పూర్తి మోతాదులో వాడి, మూడు నెలలు దాటాక కూడా 35, అంతకన్నా తక్కువ ఉంటే ఐసీడీ అనే పరికరం గురించి మాట్లాడతారు, అకస్మాత్తుగా గుండె లయ చెడినప్పుడు షాక్ ఇచ్చి కాపాడేది. ఆ మాట వినగానే బెదిరిపోకుండా కూర్చుని వివరంగా అడగండి. ఆ తర్వాత ఆరు నెలలకు ఇంకో ఎకో, నిద్రపోయిన కండరం అప్పటికి కూడా లేస్తుండవచ్చు.

ఈ లోపు ఎప్పుడైనా సరే: పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, మాట తడబడటం కనిపిస్తే 108కి చేయండి. ఆగని గుండె దడ, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గాయం నుంచి చీము, కదిలితే ఛాతీ ఎముక టక్‌మనడం ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి. డిశ్చార్జ్ సమ్మరీ, చివరి ఎకో, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ ఫొటోలు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. అంబులెన్స్‌లోనైనా క్యాజువాలిటీలోనైనా మొదటి మాట "బైపాస్ పేషెంట్, ఈఎఫ్ ఇంత" అని చెప్పండి, సెలైన్ బాటిల్ తగిలించేముందే.